విశ్వాస ప్రమాణములు – మన కాపురములు

వాక్యపఠనము: ఎఫెసీయులకు 5:21–33, కొలొస్సయులకు 3:18–19, 1 పేతురు 3:7



గత మాసమున మా పరిచర్యలోని ఒక గ్రామములో కన్ఫర్మేషన్ తరగతి పిల్లలకు పరీక్ష జరిగినది. పిల్లలు పది ఆజ్ఞలను, వాటి అర్థములను, విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను ఒకరి తరువాత ఒకరు అప్పగించిరి. ఒక చిన్నవాడు ఊపిరి తిప్పుకొనకుండ, సాయంకాలము ఇంటిదారి పట్టిన యెడ్లవలె పరుగెత్తించి ముగించి కూర్చుండెను. ఆరాధన అయిన తరువాత సంఘపెద్ద యొకరు అరుగుమీద మా ప్రక్కన కూర్చుండి ఇట్లు అడిగిరి: “అయ్యగారూ, చిన్నతనంలో నేనూ ఇవన్నీ అప్పజెప్పినవాడినే. పరీక్ష అయిపోయింది, పుస్తకం పెట్టెలోకి పోయింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ ముప్పై ఏళ్ళలో ఆ చదువు నా కాపురానికి ఒక్కనాడైనా పనికొచ్చిందంటారా?”

ఆయన ఎగతాళికి అడిగినవారు కారు. నిజముగానే తెలిసికొనగోరి అడిగిరి. ఆ సాయంకాలము మేము చెప్పిన జవాబు మాకే చాలినట్లు తోచలేదు. గనుక ఈ మాసపు పాఠములో ఆ ప్రశ్ననే మీ అందరి యెదుట పెట్టుకొని ధ్యానింపగోరుచున్నాము.

విశ్వాస ప్రమాణమనగా సంఘము తాను నమ్మినదానిని దాచక, అందరును కూడి ఒప్పుకొని, వ్రాసి పెట్టిన మాట. అపొస్తలుల విశ్వాస ప్రమాణమును మనము ఆరాధనలో నిలువబడి చెప్పుచున్నాము. నైసియా ప్రమాణమునకు మూలము క్రీ.శ. 325లో నైసియా పట్టణమున కూడిన సభలో నున్నది. తరువాత మతసంస్కరణ కాలమున ఇట్టి వ్రాతలు అనేకములు వచ్చినవి. 1529లో లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి, 1530లో ఆగ్స్‌బర్గు విశ్వాసపు ఒప్పుకోలు, 1563లో హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి, 1646లో ముగింపబడిన వెస్ట్‌మినిస్టరు విశ్వాసపు ఒప్పుకోలు వాటిలో ముఖ్యమైనవి. ఏ సంఘమువారి చేతిలో ఏది యున్నను, వాటి పని ఒకటే.

ఇవి పరిశుద్ధ గ్రంథముతో సమానము కావు. వాటిని వ్రాసినవారే ఆ మాట ఒప్పుకొనిరి. వాక్యము వాటికి తీర్పు తీర్చునుగాని అవి వాక్యమునకు తీర్పు తీర్చవు. అట్లయిన అవి ఎందుకు? మీ పొలము గట్టున సర్వేరాయిని చూచియున్నారు గదా. రాయి పంట పండింపదు, నీరు పెట్టదు. అయినను ప్రక్కపొలపు పెద్దరైతు గట్టును రెండు జానలు ఇవతలకు జరిపిన నాడు, నోరులేని చిన్నరైతు ఆ రాయియొద్దకు పోయి చెయ్యి చూపగలడు. నోటితో చెప్పిన హద్దు ఎవరికి గొంతు పెద్దదో వారిది. పాతిపెట్టిన రాయి ఇద్దరిది. వ్రాయబడిన విశ్వాసము కాపురములో చేయు పని కూడ ఇదేయని మేము ఆలస్యముగా, సిగ్గుపడి నేర్చుకొంటిమి. ఆ సంగతి ముందుకు చెప్పెదము.

మొదట చిన్న ప్రశ్నోత్తరి పుట్టిన విధము వినుడి. 1528లో లూథరుగారు సక్సనీ దేశపు సంఘములను దర్శింప బయలుదేరిరి. పల్లెలలోని సామాన్య జనులు క్రైస్తవ బోధలో ఏమియు ఎరుగకయుండుటయు, అనేకమంది పాదిరులకే బోధించు శక్తి లేకుండుటయు చూచి మిగుల దుఃఖించిరి. (మా వంటి పల్లెటూరి పాదిరులు ఈ భాగమును చదువునప్పుడు తల యెత్తి చదువుట కష్టము.) ఆ దుఃఖములోనుండి 1529 ఆరంభమున ఆజ్ఞలును వాటి అర్థములును గోడకు తగిలించు పెద్ద కాగితములుగా అచ్చయినవి. అదే సంవత్సరము పుస్తకముగా వచ్చెను. ప్రతి ముఖ్యభాగము పైనను, ఇంటి యజమానుడు తన ఇంటివారికి సులభముగా నేర్పవలసిన విధమిది యని సూచన యున్నది. అనగా ఇది గుడికొరకు కంటె ముందు ఇంటికొరకు, బల్లయొద్దకొరకు, పొయ్యియొద్దకొరకు వ్రాయబడినది.

దానిని వ్రాసినవారు అప్పటికి సంసారి. 1525 జూను మాసమున కన్యాస్త్రీల మఠమును విడిచివచ్చిన కాథరీనా ఫాన్ బోరాను పెండ్లి చేసికొనిరి. 1528 ఆగస్టులో వారి రెండవ బిడ్డ ఎలిజబెతు, ఎనిమిది నెలల పసిది, చనిపోయెను. 1529 మే మాసమున మగ్దలేనా పుట్టెను. ఒక బిడ్డను పాతిపెట్టి మరియొక బిడ్డకొరకు కనిపెట్టుచున్న ఇంటిలో, ఆ రెంటి నడుమ మాసములలో ఈ చిన్న పుస్తకము సిద్ధమైనది. కాపురమనగా ఏమో తెలియని పండితుడు గదిలో కూర్చుండి వ్రాసినది కాదు.

అది తెలుగువారియొద్దకు కూడ త్వరగానే వచ్చెను. మద్రాసులో పరిచర్య చేసిన బెంజమిన్ షుల్జ్‌గారు దానిని తెలుగు చేయగా, 1746లో జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు అక్షరములతో అచ్చువేసిరి. హేయర్‌గారు 1842లో గుంటూరు చేరుటకు దాదాపు నూరేండ్ల ముందటి మాట యిది. మన అవ్వలు తాతలు అక్షరము రాకయే చెవితో విని కంఠస్థము చేసినది ఈ పుస్తకమునే.

ఇక ఆరవ ఆజ్ఞకు వత్తము. ఇతర సంఘముల సహోదరులు దీనిని ఏడవ ఆజ్ఞగా లెక్కింతురు. లెక్క వేరు, ఆజ్ఞ ఒకటే. వ్యభిచారమును దేవుడు నిషేధించెను. పరస్త్రీజోలికి పోకున్నచో ఈ ఆజ్ఞ నెరవేరినట్లేనని మన పురుషులలో అనేకులు తలంచుచున్నారు. “నేను పరాయి ఆడదాని మొహం చూసి ఎరుగను” అని చెప్పుకొనుచు, తన భార్య ముఖమును కూడ చూడనివారిని మేము ఎరుగుదుము. ప్రశ్నోత్తరి ఈ ఆజ్ఞకు చెప్పిన అర్థము అక్కడ ఆగదు. దేవునికి భయపడి ఆయనను ప్రేమించువారము గనుక మాటలోను క్రియలోను పవిత్రులమై యుండవలెననియు, ఎవరి జతను వారు ప్రేమించి గౌరవింపవలెననియు దాని సారాంశము. ఒక “వద్దు”లోనుండి రెండు “చేయుము”లు తీయబడినవి.

ప్రేమను గూర్చి మనము చాల ప్రసంగములు వినియున్నాము. గౌరవము అను మాటయొద్ద కొంచెము నిలువవలెను. ఉదయముననే లేచి, ఇంటిపని చేసి, పొలములో కలుపు తీసి, వచ్చి వంట చేసి, అందరు తిన్న తరువాత కుండ అడుగున మిగిలినది తిను స్త్రీ మన ప్రతి ఇంటిలోను ఉన్నది. ఆమె తెచ్చిన కూలి డబ్బు ఆమె చేతిలో ఎంతసేపు నిలుచుచున్నది? నలుగురిలో ఆమెను ఏమని పిలుచుచున్నాము? కూతురి పెండ్లి మాటలలో ఆమెను చాపమీదికి పిలిచితిమా, లేక లోపలినుండి వినుమంటిమా? గౌరవమనగా ఇవియే. అట్లే భార్యయు తన పెనిమిటి బీదతనమును పుట్టింటిలో కథగా చెప్పుకొనుట, అతడు చేయలేనిదానిని పిల్లల యెదుట ఎత్తిచూపుట గౌరవము కాదు. ఆజ్ఞ ఇద్దరిదిగా ఉన్నది.

ఆ పుస్తకము చివర ఎవరెవరు చేయవలసిన విధులు అను పట్టిక యొకటి కలదు. అందులో లూథరుగారు తన మాటలు వ్రాయక లేఖనములనే ఏరి పెట్టిరి. దానిలో భర్తల విధి ముందు, భార్యల విధి తరువాత నున్నది. ఎఫెసీయుల పత్రికలో భార్యలకు చెప్పినది ముందు వచ్చును గనుక, మనము పెండ్లి ప్రసంగములో అక్కడనే ప్రారంభించి అక్కడనే అలసిపోదుము. భర్తలకు చెప్పిన తొమ్మిది వచనములకు వచ్చునప్పటికి భోజనముల వేళయగును. పట్టికలో భర్తకు ముందుగా పెట్టినది 1 పేతురు 3:7. భార్య జీవమను కృపావరములో అతనితోకూడ పాలివారాలని యెరిగి ఆమెను సన్మానించుమనియు, లేనియెడల ప్రార్థనలకే అభ్యంతరము కలుగుననియు ఆ వచనము చెప్పుచున్నది. తరువాత కొలొస్సయులకు 3:19, భార్యను నిష్ఠూరపెట్టవద్దని. వరుస మారినంత మాత్రమున వాక్యము మారదు. అయినను ఆ వరుస మా కన్నులు తెరచినది.

ఇప్పుడు మా తప్పు చెప్పెదము. దాదాపు పదునైదు సంవత్సరముల క్రిందట, మేము వేరొక గ్రామములో పరిచర్య చేయుచున్న దినములలో, వానకాలపు రాత్రి యొక యౌవనస్త్రీ ఏడాది బిడ్డను చంకను పెట్టుకొని మా ఇంటికి వచ్చెను. చెంప వాచియున్నది. చేయి కమిలియున్నది. ఆమె భర్త మన సంఘములోనివాడే. ఆదివారమున కానుక పట్టువాడు. మా అమ్మగారు ఆమెకు అన్నము పెట్టి పండుకొనబెట్టిరి. ఉదయమున భర్త వచ్చెను. మేము ఇద్దరిని కూర్చుండబెట్టి, ఎఫెసీయులకు 5:22 చదివి, భార్యకు ఓర్పును గూర్చి చెప్పి, భర్తతో “కోపము తగ్గించుకో నాయనా” అని ఒక్క మాట అని, ప్రార్థన చేసి పంపివేసితిమి. కాపురము నిలిపితిమని లోలోపల సంతోషించితిమి కూడ.

మూడు నెలలకు ఆమె చెయ్యి విరిగెను. ఈసారి ఆమె మా ఇంటికి రాలేదు. తిన్నగా తల్లిగారి ఊరికి పోయెను. ఎందుకు రాలేదో మాకు ఎవరును చెప్పనక్కరలేదు.

వారము దినములకు ఆమె అమ్మమ్మ మా ఇంటికి వచ్చెను. ఆమెకు చదువు రాదు. చిన్నతనమున బైబిలు స్త్రీయొద్ద చెవితో విని ప్రశ్నోత్తరి నేర్చినది. మంచినీళ్లు ఇచ్చినను త్రాగలేదు. గుమ్మమునొద్ద కూర్చుండి, “అయ్యగారూ, అయిదో ఆజ్ఞకి అర్థం చెప్పండి” అనెను. నరహత్య చేయకూడదను ఆజ్ఞ అది. మేము చెప్పితిమి. పొరుగువాని శరీరమునకు హాని గాని బాధ గాని చేయక, అతని శరీరావసరములన్నిటిలో సహాయము చేసి ఆదరింపవలెనని దాని అర్థము. ఆమె తల ఊపి, “పొరుగువాడంటే గోడకి అవతల ఉన్నవాడేనాండీ? గోడకి ఇవతల ఉన్న మా పిల్ల కాదా?” అని అడిగెను.

మేమేమి చెప్పగలము? సెమినరీలో ఆ ఆజ్ఞను గూర్చి పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవారము. అర్థమును తప్పులేకుండ అప్పగించినవారము. ఆ అర్థము ఆ రాత్రి మా ఇంటి గడపలో వాచిన చెంపతో నిలువబడినప్పుడు గుర్తుపట్టలేకపోతిమి. అక్షరము రాని ముసలమ్మ గుర్తుపట్టినది. ఆమె మాతో వాదించుటకు గ్రీకు భాష అక్కరలేకపోయెను. సంఘమంతయు ఒప్పుకొనిన మాట ఆమె నోటిలో నున్నది. ఆ మాట ఆమెది ఎంతో మాదియు అంతే. గనుక మేము దానినుండి తప్పించుకొనలేకపోతిమి. సర్వేరాయి యనగా ఇదియే.

మేము ఆ తల్లిగారి ఊరికి పోయి ఆ సోదరియొద్ద క్షమాపణ అడిగితిమి. సంఘపెద్దలను కూర్చి, భర్తను పిలిపించి, అతడు మారుమనస్సు చూపువరకు ప్రభువు బల్లలో పాలుపొందకూడదని తీర్మానించితిమి. స్త్రీలకు గృహహింసనుండి రక్షణ నిచ్చు 2005 నాటి చట్టమును గూర్చి ఆమె తండ్రికి తెలియజెప్పితిమి. “అయ్యగారే కోర్టు దారి చూపించారు” అని కొందరు గొణిగిరి. గొణగనిచ్చితిమి. కొట్టబడిన భార్యను కొట్టువానియొద్దకు పంపుమని ఏ విశ్వాస ప్రమాణమును చెప్పలేదు. అట్టిచోట ఆరవ ఆజ్ఞను చూపి అయిదవ ఆజ్ఞను కప్పివేయువాడు రెంటిని మీరుచున్నాడు.

ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యమును గూర్చినది. అది కోర్టులో బోనెక్కిన వారికని మనము తలంతుము. ఏండ్ల తరబడి కాపురముల తగవులు విన్న పిమ్మట, ఈ ఆజ్ఞ అర్థము ఒక్కటి పాటించినచో సగము తగవులు మా అరుగుమీదికి రావని మాకు తోచుచున్నది. పొరుగువానిమీద చాటున చెడు చెప్పక, అతని పక్షముగా మాటలాడి, అతడు చేసినదానికి వీలైనంత మంచి భావము చెప్పుకొనవలెనని దాని సారము. భర్త సంతనుండి ఆలస్యముగా వచ్చెను. బస్సు దొరకలేదేమో అనుకొనవచ్చును, సారాకొట్టునొద్ద ఆగెననియు అనుకొనవచ్చును. భార్య ఫోనులో ఎవరితోనో నవ్వుచు మాటలాడెను. చెల్లెలితో అనుకొనవచ్చును, మరియొకటియు అనుకొనవచ్చును. కూరలో ఉప్పు తక్కువైనది. మరచెననవచ్చును, కావలెనని చేసెననవచ్చును. ఈ రెండు దారుల మొదట మనము దినమునకు పదిమారులు నిలుచుచున్నాము. కోడలిని గూర్చి కొళాయియొద్ద చెప్పిన మాట ఇల్లు చేరునప్పటికి ఎంత పెరుగునో అత్తలకు మేము చెప్పనక్కరలేదు. అయితే ఒక్క మాట. మంచి భావము చెప్పుకొనుటయు, ఉన్న చెడును దాచుటయు ఒకటి కావు. కమిలిన చేతికి మంచి భావము వెదకవలసిన పని ఎవరికిని లేదు.

కట్నమును గూర్చి చెప్పక ఈ పాఠము ముగించుట పిరికితనమగును. పొరుగువాని ఇంటిని ఆశింపకూడదను ఆజ్ఞ లూథరను లెక్కలో తొమ్మిదవది. దాని అర్థములో, కపటముతోనో, హక్కు ఉన్నట్లు నటించియో పొరుగువాని ఆస్తిని, ఇంటిని రాబట్టుకొనకూడదను భావమున్నది. హక్కు ఉన్నట్లు నటించుట! కట్నమునకు ఇంతకంటె సరియైన వర్ణన మేము వినలేదు. “మా వాడి చదువుకి ఇంత”, “మా అంతస్తుకి తగ్గట్టు ఇంత”, “ఆడపడుచు లాంఛనం ఇంత” అని పద్దు చెప్పునప్పుడు అది అప్పు వసూలువలెనే వినబడును. విశ్వాస ప్రమాణము మొదటి భాగమునకు చెప్పిన అర్థములో, భార్యాబిడ్డలను, ఇంటిని, పొలమును, పశువులను దేవుడు మన యోగ్యత ఏమియు చూడక, కేవలము దయచేతనే ఇచ్చుచున్నాడని ఒప్పుకొనుచున్నాము. దేవుడు ఉచితముగా ఇచ్చుచున్నాడని ఆదివారము నిలువబడి చెప్పినది, సోమవారము మామగారియొద్ద వెలకట్టి అడుగుచున్నాము. ఈ దేశములో కట్నమును నిషేధించిన చట్టము 1961లో వచ్చెను. తొమ్మిదవ ఆజ్ఞ అంతకంటె పాతది. ఇట్టి పెండ్లిండ్లలో మేమును ఆశీర్వచనము చెప్పి, వడ్డించినది తినినవారమే. ఆ పిల్ల తండ్రి ఏ పొలము అమ్మెనో అడుగలేదు. ఇప్పుడు ప్రకటన చదువుటకు ముందే అడుగుచున్నాము. అందరు నిజము చెప్పుచున్నారని కాదు.

ఇతర సంఘముల వ్రాతలలోను కాపురమునకు పనికివచ్చునది చాల కలదు. వెస్ట్‌మినిస్టరు ఒప్పుకోలులోని ఇరువదినాలుగవ అధ్యాయము వివాహమును గూర్చినది. భార్యాభర్తల పరస్పర సహాయముకొరకు వివాహము నియమింపబడెననియు, తెలిసి సమ్మతి చెప్పగలవారే వివాహమాడవచ్చుననియు అందులో నున్నది. మన పెండ్లిండ్లను పెద్దలు కుదుర్చుచున్నారు. అది తప్పు కాదు. కాని పిల్ల సమ్మతి ఎవరు అడిగిరి? పీటలమీద కూర్చుండిన తరువాత మేము అడుగు ప్రశ్నకు ఏ ఆడపిల్ల కాదనును? పదునెనిమిదేండ్లు నిండని పిల్లను, ఇరువదియొకటి నిండని పిల్లవానిని పీటలమీదికి తెచ్చుటకు చట్టమును ఒప్పదు. వయస్సు నిండినను, చాటుగా ఒకసారి అమ్మగారిచేత అడిగించుట మేలని మేము కనుగొంటిమి. ఇద్దరు పిల్లలు ఆ విధముగా “వద్దు” అని చెప్పగలిగిరి. వారి తండ్రులకు మామీద ఇంకను కోపమున్నది.

హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరిలో నూట ఇరువదితొమ్మిది ప్రశ్నలు కలవు. సంవత్సరపు ఏబదిరెండు ఆదివారములకు పంచిపెట్టబడినవి. దాని మొదటి ప్రశ్న ఆదరణను గూర్చి. బ్రదుకులోను చావులోను నేను నా సొత్తు కాక, శరీరాత్మలతో క్రీస్తు సొత్తునైయుండుటయే ఆదరణయని దాని జవాబు సారము. దీనిని కాపురములోనికి తెచ్చి చూడుడి. భార్య క్రీస్తు సొత్తయినచో “నా పెళ్ళాం, నా ఇష్టం” అనుటకు ఎవరికి అధికారమున్నది? భర్త క్రీస్తు సొత్తయినచో, అతడు సంపాదింపలేక మంచమునపడిన నాడును అతని విలువ తగ్గదు. పిల్లలు లేని దంపతులకు కూడ ఈ మొదటి జవాబు గొప్ప మందు. గొడ్రాలని ఊరు పిలిచినను, ఆమె ఎవరి సొత్తో ఊరు నిర్ణయింపదు.

ప్రభువు ప్రార్థనలో అనుదినాహారమును అడుగుచున్నాము. ఆహారమనగా ఏమేమియని లూథరుగారు లెక్కపెట్టినప్పుడు అన్నము, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలము, పశువులతో కూడ భక్తిగల భార్యను లేక భర్తను చేర్చిరి. అనగా మన జత రొట్టెవంటిది, ఏనాటికానాడు అడిగి పుచ్చుకొనవలసినది. నిన్నటి అన్నముతో నేటి ఆకలి తీరదు. వెంటనే తరువాతి మనవి క్షమాపణను గూర్చినది. అన్నము ప్రక్కనే క్షమాపణ యుండుట కాపురము చేసినవారికి వింత కాదు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ అర్థములను నేర్చినవారు వాటిని ఎదుటివారిమీదికి విసరుటకు వాడుదురు. భర్త భార్యల విధిని, భార్య భర్తల విధిని కంఠస్థము చేసి జగడమునకు సిద్ధపడుదురు. ఆజ్ఞల అర్థములన్నియు “మనము” అని ప్రారంభమగును. విశ్వాస ప్రమాణము “నేను” అని ప్రారంభమగును. ఏ ఒక్కటియు “నీవు” అని జతవైపు వ్రేలు చూపదు. బలహీనుడు తన రక్షణకై హద్దురాయిని చూపుట వేరు. బలవంతుడు ఆ రాయిని పెరికి ఎదుటివానిమీద వేయుట వేరు.

ఇంటిలో దీనిని ఎట్లు వాడవలెనని అడుగుదురేమో. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్క ఆజ్ఞయు దాని అర్థమును చదువుడి, వారమంతయు అదే ఆజ్ఞ. తొందర అక్కరలేదు. చదువు వచ్చిన పిల్లచేత చదివించుడి. అత్తగారు, కోడలు, మామగారు అందరు కలిసి చెప్పవలెను. ఆ తరువాత ఎవరి సంగతి వారు మనస్సులో చూచుకొనుడి. ఆ వేళ పంచాయతి పెట్టకుడి. పెద్ద అక్షరములతో ఒక కాగితముమీద వ్రాసి, గోడకు క్యాలెండరు ప్రక్కన తగిలించినను మంచిదే. మొదట అది అచ్చయినదే గోడకొరకు.

అరుగుమీద మమ్మును అడిగిన సంఘపెద్దకు ఈ పాఠము అచ్చగుటకు ముందు చదివి వినిపించితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, ఒకప్పుడు పొలము తాకట్టు పెట్టవలెనా వద్దా యని భార్యతో పదిరోజులు మాటలు మానిన సంగతి చెప్పిరి. పదియవరాత్రి ప్రభువు ప్రార్థనలో క్షమాపణ మనవియొద్దకు వచ్చి గొంతు ఆగిపోయెనట. ఆ రాత్రియే మాటలాడుకొనిరట. “అది ఆ పుస్తకం పనేనంటారా అయ్యగారూ?” అని అడిగిరి.

ఆ అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె మనుమరాలు తిరిగి భర్తయొద్దకు పోలేదు. అతడు రెండు సంవత్సరముల తరువాత సంఘము యెదుట తన తప్పు ఒప్పుకొనెను. ఆమె క్షమించితినని చెప్పెను గాని, కాపురమునకు రానని కూడ చెప్పెను. మేము బలవంతపెట్టలేదు. ఆమె కుట్టుపని చేసికొనుచు కుమారుని చదివించుచున్నది. ఆ తల్లిగారి ఊరు ఇప్పుడు మా పరిచర్యలోనిదే.

ఆ సంవత్సరము మొదలుకొని మేము ఎక్కడ పనిచేసినను, గుడిలో పెండ్లి ప్రకటన చదువుటకు ముందు వధూవరులను, ఇరుపక్షముల పెద్దలను మా ఇంటికి పిలుచుచున్నాము. ఆరవ ఆజ్ఞ అర్థమును ఇద్దరిచేతను చెప్పింతుము. అయిదవ ఆజ్ఞ అర్థమును పెండ్లికుమారునిచేత చెప్పించి, పిమ్మట ఆ ముసలమ్మ ప్రశ్ననే అడుగుదుము: “గోడకు ఇవతల ఉన్నది ఎవరు?” కొందరు పెండ్లికుమారులు నవ్వుదురు. నవ్వినవారిని మరల మొదటినుండి చెప్పుమందుము.